నలభై ఏడో వాక్యం

జూన్ 3, 2025

శశిభూషణ్ దొరికాడు.

ఆరేళ్లు ఆగాను. ఇవాళ పేపరు ఐదో పేజీలో, పొగాకు వేలం వార్త కింద, నాలుగు వేళ్ల వెడల్పు స్థలంలో దొరికాడు. పెద్దాపురం అవతల ఫ్యాక్టరీ లైను మీద పదకొండో నంబరు గేటు. మే పన్నెండున గేటు తెరిచి ఉండగానే గూడ్సు బండి వచ్చి కొబ్బరికాయల ట్రాక్టరును కొట్టింది. దాన్ని నడుపుతున్న పల్లంరాజుకు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. గేట్‌మన్ బంగార్రాజును సస్పెండ్ చేశారు. గేటు తాళాన్ని అదుపు చేసే పెట్టె తయారుచేసిన కంపెనీ డైరెక్టరు శశిభూషణ్ అన్నాడట: "మా పెట్టె తప్పు చేయదు. గేట్‌మనే అత్యవసరానికి ఉంచిన రెండో తాళంచెవి వాడి ఉంటాడు."

మా పెట్టె! ఆ పెట్టె ఏం చేయాలో, ఏం చేయకూడదో నూట పన్నెండు వాక్యాల్లో రాసిందెవడు? నేను. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసి, రిటైరయ్యాక వీడి కంపెనీలో టెస్టింగ్ చూడటానికి చేరాను. ఒకప్పుడు నా దగ్గర అప్రెంటిసుగా స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్చుకున్నవాడి కింద ఉద్యోగం. అదీ మింగాను. నన్ను సాగనంపిన రోజున శాలువా కప్పుతూ మైకులో అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. "మా మాస్టారికి రైలు ఆగినా ఫరవాలేదండి, వాక్యంలో కామా తప్పకూడదు." హాలంతా నవ్వింది. ముందు వరసలో నా భార్య హైమవతి కూడా నవ్వింది.

చరిత్రలో పగ తీర్చుకున్న రాజులందరికీ సైన్యాలున్నాయి. నాకు అలమర పైఅరలో నాలుగు అట్టపెట్టెల ఫైళ్లున్నాయి. అవి చాలు.

జూన్ 5

వార్తలో ఇంకో ముక్క ఉంది. మొదటిసారి చదివినప్పుడే నా కన్ను దాని మీద ఆగింది. ఆ సమయానికి ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చిందట.

ప్రమాదం మీద విచారణ కమిటీ వేశారు, దాని ముందు ముసలాడి మాట అర్థం కాలేదని ఎవడూ అనకూడదు. అందుకని ఇక్కడ సాధన చేస్తున్నాను.

గేటు వేశాక దాని తాళంచెవి పెట్టెలో ఇరుక్కుంటుంది. పెట్టె మీద పచ్చదీపం వెలిగితేనే చెవి వస్తుంది, గేటు తెరుచుకుంటుంది. బండికి సిగ్నల్ ఇచ్చి, మళ్లీ ఏదో కారణంతో ఎర్రకు తిప్పారనుకోండి. వెంటనే గేటు తెరవకూడదు. బండి అప్పటికే సిగ్నల్ దాటి వచ్చేస్తూ ఉండవచ్చు. అందుకని పెట్టె నూట ఇరవై సెకన్లు లెక్కపెడుతుంది. ఆ లోపు బండి ఆగాలి, లేదా గేటు దాటిపోవాలి. తర్వాతే పచ్చదీపం.

నలభై ఏడో వాక్యం నాకు కంఠతా వచ్చు. "లెక్క నడుస్తుండగా కరెంటు పోయి తిరిగి వస్తే, పెట్టె లెక్కను మొదటి నుంచి ప్రారంభించవలెను."

ఈ డెల్టాలో మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసినవాడు రాసిన వాక్యం అది. ఏసీ గదిలో పుట్టింది కాదు. ఆ పెట్టె దాన్ని పాటించలేదు. శశిభూషణ్ మనుషులు ప్రోగ్రాము రాసేటప్పుడు వదిలేశారు. పందెం కాస్తాను.

జూన్ 9

బంగార్రాజు, అతని భార్య నాగదుర్గ వచ్చారు. పెట్టె రూల్సు రాసిన పెద్దాయన రాజమండ్రిలోనే ఉన్నాడని ఎవరో చెప్పారట. బంగార్రాజుకు నలభై ఐదేళ్లుంటాయి. కుర్చీ చూపిస్తే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చుంది.

"దీపం ఎలిగిందండి మాస్టారూ. పచ్చదీపం. నా రెండు కళ్లతో చూశానండి. ఎలక్కుండా సెవి రాదు గదండి."

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"స్టేషన్ నించి ఫోనొచ్చిందండి, బండి ఆపేస్తన్నాం, సిగ్నల్ ఎర్ర చేసేశాం అని. గేటు కాడ జనం ఒకటే హారన్లు. నేను పెట్టెకేసి చూస్తా నిలబడ్డానండి. ఇంతలో కరెంటు పోయింది. బేటరీ సచ్చిపోయి నెల్రోజులయింది, రాసిచ్చానండి, మార్చలేదు. ఏదో పది లెక్కెట్టేలోపు కరెంటు వచ్చేసింది. వస్తానే పచ్చదీపం."

కాఫీ గ్లాసు కింద పెట్టాను. సంతోషం. దాచడం ఎందుకు? ఆ మనిషి ఉద్యోగం పోతోంది, ఒకడి కాలు పోయింది, నాకు సంతోషం వేసింది.

"రెండో తాళంచెవి?"

"అది అద్దం ఎనకాల సీలేసి ఉంటదండి. ఆ సీలు యాక్సిడెంట్లో అద్దంతో పాటు పగిలిపోయింది. నేనే పగలగొట్టానంటన్నారు."

నాగదుర్గ అంది: "ఊళ్లో తాగి పడుకున్నాడంటన్నారండి. ఈయన అట్లతద్దికి ఉయ్యాల ఊపితేనే కళ్లు తిరిగే మనిషి, తాగుతాడాండీ? పల్లంరాజుగారి తల్లి మా గుమ్మం ముందుకొచ్చి మట్టెత్తి పోసింది. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి బాబుగారూ. మీరు రాశారంట గదా."

"చెబుతాను. కాగితాలతో సహా చెబుతాను" అన్నాను.

ఆమె నా కాళ్లకు దండం పెట్టబోయింది. వద్దన్నాను. హైమవతి ఇద్దరికీ ఉప్మా పెట్టింది.

జూన్ 11

రోజంతా పని. మోకాళ్ల నొప్పి తెలియలేదు.

పద్ధతి ఇది. ట్రేస్ షీట్ అంటాం. ఎడమ చివర గడిలో వాక్యం నంబరు. పక్క గడిలో ఆ వాక్యం డిజైన్‌లో ఎక్కడుందో. దాని పక్కన, ప్రోగ్రాములో ఏ పేజీలో ఉందో. కుడి చివర, పెట్టె నిజంగా అలా నడుస్తుందని ఏ పరీక్షలో రుజువైందో. రాసిన మాట నుంచి పెట్టె చేసే పని దాకా తెగకుండా దారం ఉండాలి.

నలభై ఏడు. డిజైన్: ఉంది. పేజీ 61, చక్కగా ఉంది.

ప్రోగ్రాము: లేదు. లేదు! పెట్టె మళ్లీ మొదలైనప్పుడు లెక్కను సున్నా చేశారు, అంతే. సున్నా అంటే ప్రోగ్రాముకు "లెక్క పూర్తయింది" అని అర్థం. లెక్క పూర్తయితే పచ్చదీపం. తర్కశాస్త్రం చదివిన ఏ విద్యార్థి అయినా పట్టుకుంటాడు. శశిభూషణ్ ఏరికోరి పెట్టుకున్న బెంగుళూరు కుర్రాళ్లు చేసిన నిర్వాకం.

ఒరే శశీ, కామా కాదురా, ఏకంగా వాక్యమే మింగేశారు.

కుడి చివరి గడి రేపు చూస్తాను. ఆ షీట్లు వేరే పెట్టెలో ఉన్నాయి.

జూన్ 12

చూశాను. నలభై ఏడుకు ఎదురుగా "పరీక్ష 88, సఫలం" అని ఉంది. కింద తేదీ 27-7-2018, శుక్రవారం. సంతకం నాది.

జూన్ 13

సంతకం నాదిలాగే ఉంది. అలాంటివి స్కాన్ చేసి అంటించడం ఎంతసేపు? వీడు అలాంటివాడే.

జూన్ 14

స్కాన్ కాదు. నా దగ్గరున్నది ఒరిజినల్. సిరా కాగితం వెనక్కి దిగింది.

పరీక్ష 88 నేను చేశాను. స్టాప్‌వాచీ పట్టుకుని నూట ఇరవై సెకన్లు చూశాను, ఐదుసార్లు. అది అబద్ధం కాదు. కరెంటు ఉండగా చేశాను, అంతే.

జూన్ 20

బంగార్రాజు మళ్లీ వచ్చాడు. కమిటీకి కంపెనీ ఇచ్చిన జవాబు జిరాక్సు తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమన్నాడు. నలభై పేజీలు. పన్నెండో పేజీలో శశిభూషణ్ నా గురించి రాసింది ఇక్కడ తెలుగులో దింపుకుంటున్నాను.

"ఈ పెట్టెలోని ప్రతి వాక్యాన్నీ శ్రీ మణిశంకర్ స్వయంగా పరీక్షించి సంతకం చేశారు. నా వృత్తి జీవితంలో అంతటి నిక్కచ్చి మనిషిని నేను చూడలేదు. నాకు ఈ పని నేర్పిన గురువు ఆయన. ఆయన సఫలమని రాసిన చోట వైఫల్యం ఉండే అవకాశం లేదు."

"ఏం రాశారండి?" అన్నాడు బంగార్రాజు.

"పెట్టె గురించి రాశారు."

"నా గురించాండి?"

"నీ గురించి ముప్పయ్యో పేజీలో ఉంది."

జిరాక్సు ఉంచి వెళ్లమన్నాను.

జూన్ 21

పన్నెండో పేజీ మళ్లీ చదివాను. వాడి ఇంగ్లీషు బాగుపడింది.

జూన్ 24

తొందర ఏముంది? విచారణ వాయిదా పడిందట. వృద్ధుడు దూకుడుగా వెళితే విలువ ఉండదు. పిలిస్తే వెళ్లాలి.

గురువు అని రాశాడు. మైకులో చెప్పలేని మాట కాగితం మీద రాశాడు.

జూలై 2

పెద్దాపురంలో మరిడమ్మ జాతర మొదలై వారమైంది. ఇవాళ చీర పెట్టెలోంచి తీస్తూ హైమవతి అంది: "ఈసారైనా వస్తారా? మా అమ్మ ఉన్నప్పుడు ఒక్కసారే వచ్చారు మీరు."

"ఎప్పుడు?"

"అదే, మీరు కంపెనీలో ఉన్నప్పుడు. శుక్రవారం. సాయంత్రం ఆరింటికి వస్తానని, నాలుగింటికే దిగిపోయారుగా! అమ్మ ఎంత సంబరపడిందో. అల్లుడుగారు ఆఫీసు ఎగ్గొట్టి వచ్చారే అని ఊరంతా చెప్పుకుంది. ఆ మరుసటేడు పోయిందిగా మహాతల్లి."

"ఎగ్గొట్టలేదు."

"సర్లెండి, పని పూర్తయిపోయింది అన్నారు. నాకు గుర్తుంది. మీరు ఆ మాట అనడం అదే మొదలు, అదే ఆఖరు."

కరెంటు తీసి మళ్లీ ఇచ్చే పరీక్షకు ఒక్కోసారి పెట్టె లేవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పదిసార్లు చేయాలి. రెండు గంటలు. నాలుగింటికి పెద్దాపురంలో ఉండాలంటే రెండున్నర బస్సు ఎక్కాలి.

ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. షీటులో ఖాళీ గడి కనపడితే కొనేవాడు సంతకం పెట్టడు. వాడు గడులు లెక్కపెట్టేవాడు తప్ప, చదివేవాడు కాదు. అందుకని ముందు గడి నింపేసి పరీక్ష తర్వాత చేసుకునేవారు. ఆ అలవాటును నేను నలుగురి ముందు ఎన్నిసార్లు తిట్టానో. ఆ రోజు నేనే నలభై ఏడు గడిలో దగ్గరి పరీక్ష నంబరు, 88, వేశాను. సోమవారం వచ్చి చేద్దామనుకున్నాను. సోమవారం కొనేవాళ్లు వచ్చి ఆమోదించి వెళ్లిపోయారు.

ప్రోగ్రాములో వదిలేసింది మాత్రం వాళ్లే. అసలు తప్పు అదే. నేను చేసింది కాదు.

జూలై 9

నాగదుర్గ ఫోను. ఈ నెల ఇరవై మూడున కమిటీ మేడమ్ సాక్షులను వింటుందట. పేరు శ్రీసుధ, విశాఖపట్నం నుంచి వస్తుంది.

"మీరు రావాలండి బాబుగారూ. ఆటో మేం పంపుతాం."

"మోకాళ్లు బాగాలేవమ్మా. ఇప్పుడు వీలు కాదు."

"ఎప్పుడు వీలవుద్దండి?"

"చూస్తాను."

"మీరు రారేమోనని ఈయన అంటానే ఉన్నాడండి. నేనే, ఛ, అంత పెద్దాయన మాటిచ్చేరు అన్నాను."

ఫోను పెట్టేసింది. మర్యాద లేకుండా పెట్టేసింది.

జూలై 16

శశిభూషణ్ వచ్చాడు. కారు సందులోకి రాక, నడిచి వచ్చాడు. జుట్టుకు రంగు వేస్తున్నాడు. హైమవతి కాళ్లకు నమస్కారం పెట్టాడు. ఆవిడ "బాగా చిక్కిపోయావు బాబూ" అంది. ఆడవాళ్లకు శత్రువంటే ఎవరో తెలియదు.

ఆవిడ లోపలికి వెళ్లాక మొదలుపెట్టాడు.

"బంగార్రాజు మీ దగ్గరికి వస్తున్నాడటగా మాస్టారూ."

"వస్తే?"

"ఏం లేదండి. నలభై ఏడో వరస మీరూ చూసే ఉంటారు. నేనూ చూశాను. మా ప్రోగ్రాములో పొరపాటు జరిగిందనే అనుకుందాం. దాన్ని పట్టుకోవాల్సింది ఎవరండి?"

"నీకు తెలిసే ఆ గేట్‌మన్ మీద తోశావా?"

"నాకు జూన్‌లో తెలిసింది. మీకెప్పుడు తెలిసిందండి?"

నా చూపు అలమర పైఅర మీదికి వెళ్లింది. వాడే అందుకున్నాడు.

"వాణ్ణి బయటపడేయాలంటే మీ సంతకం మీరే కొట్టేసుకోవాలి మాస్టారూ. పన్నెండో పేజీలో మీ గురించి నేను రాసింది మనస్ఫూర్తిగా రాశాను. ఇద్దరం మాట్లాడకపోతే ఇద్దరికీ మర్యాద."

"ఇంట్లోంచి బయటికి నడు" అందామనుకున్నాను. "కాఫీ తాగి వెళ్లు" అన్నాను.

తాగి వెళ్లాడు.

జూలై 17

ఏమీ లేదు.

జూలై 25

ఏమీ లేదు. ఫోను రాలేదు. బంగార్రాజు కూడా రాలేదు.

ఆగస్టు 4

పేపరులో శశిభూషణ్ ఫోటో. ఇంకో ఇరవై రెండు గేట్లకు వాడి పెట్టెలు పెడుతున్నారట. ఎవడో వాడికి శాలువా కప్పుతున్నాడు. కింద వాడి మాట: "నాణ్యతలో మేము రాజీపడం. ఆ సంస్కారం మా గురువుగారి నుంచి వచ్చింది."

నా సంతకాన్ని వాడు భుజాన కప్పుకుని తిరుగుతున్నాడు. నేను మెప్పు అనుకున్నది వాడికి తాకట్టు కాగితం. నెలన్నర దాన్ని దగ్గర పెట్టుకుని మురిసిపోయిన వెధవను నేను.

శ్రీసుధ ఆఫీసుకు ఫోను చేశాను. ఎల్లుండి రమ్మంది. బంగార్రాజు కోసం వెళుతున్నానని ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చూడరు. కానీ వెళుతున్నది అందుకు కాదు. ఆ శశిభూషణ్ ముఖం చూడాలి.

ఆగస్టు 6

ఫ్యాక్టరీ యార్డు. పదకొండో గేటు నుంచి ఊడదీసిన పెట్టెను బల్ల మీద పెట్టించాను. శ్రీసుధకు ముప్పై అయిదేళ్లుంటాయి. మాటకు మాట రాసుకునే మనిషి. నచ్చింది. శశిభూషణ్ ఎదురుగా నిలబడ్డాడు. బంగార్రాజు, నాగదుర్గ తలుపు దగ్గర.

"మేడమ్, సిగ్నల్ ఎర్రకు తిప్పించండి. లెక్క మొదలవుతుంది. ఇరవై సెకన్లకు కరెంటు తీయించండి" అన్నాను.

తీశారు. ఇచ్చారు. పెట్టె లేవడానికి పన్నెండు నిమిషాలు పట్టడం ఆనాటి మాటట, తర్వాత మార్చి నాలుగు సెకన్లకు తెచ్చారట. ఇంకా మంచిది. నాలుగు సెకన్లకు పెట్టె లేచింది. లేస్తూనే పచ్చదీపం.

బంగార్రాజు ఒక్కడే, "అదేనండి. అదే దీపం" అన్నాడు.

రెండోసారి చేయించాను. పచ్చదీపం. మూడోసారి అవసరం లేదు. అయినా చేయించాను. శశిభూషణ్ చెమట తుడుచుకుంటుంటే చేతిరుమాలుకు జుట్టు రంగు అంటింది. ఆ దృశ్యం నేను చచ్చేదాకా నాకు చాలు. అది ఆనందం కాదని నా చేత ఎవరూ అనిపించలేరు.

"మరి ఈ పరీక్ష 2018లో సఫలమని ఉందే?" అంది శ్రీసుధ. "సంతకం మీదే కదండి?"

"నాదే. పరీక్ష చేయలేదు."

"ఎందుకు చేయలేదు?"

"బస్సు టైమైంది."

రాసుకుంది. కలం ఆగలేదు. శశిభూషణ్ నాకేసి చూశాడు. "మాస్టారూ" అన్నాడు. ఇరవై రెండు గేట్ల ఒప్పందం అక్కడికక్కడే ఆపమని ఆవిడ ఫోనులో చెప్పింది. పెట్టిన పెట్టెలన్నీ తీసేసి, గేట్లు చేత్తో నడపమంది.

గెలిచాను. తర్వాత ఆవిడ ఫైలులోంచి ఒక కాగితం తీసింది.

"బంగార్రాజుగారూ, జూలై ఇరవై ఎనిమిదిన మీరు రాసిచ్చారు. రెండో తాళంచెవి వాడాను, తప్పు నాదే అని. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఇప్పుడు చూస్తే పెట్టెదే తప్పు అని తేలింది. మరి ఇది ఏంటండి?"

బంగార్రాజు నేల చూశాడు.

"వాడలేదండి."

"మరెందుకు రాశారు?"

"ఒప్పుకుంటే ఉద్యోగం ఉంచుతామని పైవాళ్లు అన్నారండి. చెప్పేవాళ్లు ఎవరూ లేరు గదండి మా తరఫున. మాస్టారు రానన్నారు."

శ్రీసుధ నా వైపు తిరిగింది. "పెట్టె తప్పు, మీ సంతకం సంగతి మీకు ఎప్పుడు తెలిసిందండి?"

"జూన్ పన్నెండు" అన్నాను.

అదీ రాసుకుంది.

ఆగస్టు 7

శశిభూషణ్ కంపెనీ లైసెన్సు నిలిపివేశారని టీవీలో వచ్చింది. హైమవతి కట్టేసింది. నేను మళ్లీ పెట్టుకుని చివరిదాకా చూశాను.

ఆగస్టు 29

నాగదుర్గ వచ్చింది. ఒక్కతే. చేతిలో ఆర్డరు. ఇంగ్లీషులో ఉంది.

"చదివి చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి" అంది. కూర్చోలేదు.

చదివాను. ప్రమాదానికి కారణం పెట్టె. పల్లంరాజుకు నష్టపరిహారం కంపెనీ ఇవ్వాలి. బంగార్రాజు మీద మోపిన అభియోగం రద్దు. సస్పెన్షన్ ఎత్తివేత.

"దేవుడున్నాడు" అంది. "మరి గేటు కాడికి ఎప్పుడు ఎళ్లమన్నారండి? ఊళ్లో అందరూ చూసేలా ఆ గేటే ఎయ్యాలంటన్నాడు ఈయన. ఇంకో చోట వద్దంటన్నాడు."

రెండో పేజీ ఉంది. దాన్ని మనసులో చదువుకున్నాను. మళ్లీ చదివాను. అందులో ఒక్క వాక్యం కూడా తప్పు లేదు. నన్ను రాయమన్నా అలాగే రాసేవాణ్ణి.

"చెప్పండి."

"చేయని పనిని చేశానని రాతపూర్వకంగా సంతకం చేసిన వ్యక్తిని, ప్రాణరక్షణకు సంబంధించిన విధుల్లో ఉంచరాదు. బంగార్రాజును గేటు విధుల నుంచి శాశ్వతంగా తొలగించి, యార్డులో వ్యాగన్లు కడిగే పనికి మార్చడమైనది."

ఆమెకు ఒకసారికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను, మామూలు మాటల్లో.

"అంటే గేటు ఇవ్వరా?"

"ఇవ్వరు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

కాసేపు ఆ కాగితాన్నే చూసింది, చదవగలిగినట్టు. హైమవతి మంచినీళ్లు తెచ్చి ఇస్తే పుచ్చుకుని, తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

"మీరూ అలాగే సంతకం చేశారంట గదండి బాబుగారూ. మేడంగారితో అన్నారు, నేను ఇన్నాను. మీకేం రాశారండి ఇందులో?"

చివరి పేజీ దాకా తిప్పి చూపించాను. నా పేరు నాలుగుచోట్ల ఉంది.

"ఏమీ రాయలేదమ్మా" అన్నాను. "రిటైరయ్యానుగా."